నాన్నకు రెక్టల్ క్యాన్సర్, ట్రయల్‌లో చేరతారా అంటున్నారు: ఒప్పుకోవచ్చా?

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. నాన్నగారికి 57 ఏళ్లు, రెక్టమ్‌లో (పెద్దపేగు చివర, మలద్వారానికి పైన ఉండే భాగం) క్యాన్సర్, మూడో స్టేజి అన్నారు. "ట్రయల్ ఒకటి జరుగుతోంది, ఇంట్లో ఆలోచించుకుని చెప్పండి" అని డాక్టర్ గారు అన్నప్పటి నుంచి మీ మేనత్తగారు "మా అన్నయ్యను ప్రయోగాలకు అప్పగిస్తావా" అని ఏడుస్తున్నారని రాశారు. చేర్చాలా వద్దా అన్నది ఒకటి. ఇది వంశంలో వస్తుందా, మీరూ మీ చెల్లెలూ పరీక్షలు చేయించుకోవాలా అన్నది రెండోది.

నేను డాక్టర్‌ని కాదు. మా అన్నయ్య తెనాలిలో టైలర్. 2024లో అతనికి పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది, మా చేతిలోనూ ఇలాగే ట్రయల్ కాగితాలు పెట్టారు. అప్పుడు మా ఇంట్లో జరిగింది, తర్వాత డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది రాస్తాను. ముందుగా ఒక పని చెయ్యండి. ఆసుపత్రికి ఫోన్ చేసి నాన్నగారి బయాప్సీ ముక్క మీద ఎంఎంఆర్ పరీక్ష చేశారా అని అడగండి. ట్రయల్ సంగతి తేలాలన్నా, మీ చెల్లెలి సంగతి తేలాలన్నా ఆ రిపోర్టు కావాలి. ఎందుకో కింద చెబుతాను.

మా అన్నయ్యకు అప్పుడు 46 ఏళ్లు. విరేచనంలో రక్తం పడుతోందని దగ్గర్లో ఉన్న డాక్టరుకు చూపిస్తే మొలలన్నారు. కారం తగ్గించమన్నారు, బిళ్లలూ పూతమందూ రాశారు. ఎనిమిది నెలలు అవే వాడాడు. అన్నాళ్లలో ఒక్కసారి కూడా వేలితో లోపల పరీక్ష చేసిన వాళ్లు లేరు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. షాపు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8 వచ్చింది. మగవాడికి రక్తం ఇంత తగ్గిందంటే అది ఎక్కడికి పోతోందో వెతకాల్సిందేనని గుంటూరులో ఇంకో డాక్టర్ గారు పట్టుబట్టి కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించారు. ఎడమవైపు సిగ్మాయిడ్ దగ్గర, అంటే పెద్దపేగులో రెక్టమ్‌కు పైనున్న వంపులో, గడ్డ ఉంది. "ఇంత చిన్న వయసులోనా" అని మా వాళ్లందరూ అన్నారు. ముంబైలోని టాటా మెమోరియల్ డాక్టర్లు తమ దగ్గరికి వచ్చిన 800 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల వివరాలు 2017లో ప్రచురించారు. వాళ్ల సగటు వయసు 47. మన దగ్గర ఇది ముసలివాళ్ల జబ్బు అనుకోవడం వల్ల ఎన్ని నెలలు చేజారిపోతున్నాయో!

హైదరాబాద్‌లో ఆపరేషన్‌కు ముందు ఒక ట్రయల్ గురించి చెప్పి, తెలుగులో ఉన్న అంగీకార పత్రం ఇచ్చి చదువుకోమన్నారు. మా వదిన ఆ రాత్రి అన్నం తినలేదు. ఆవిడ భయానికి కారణం ఉంది. మాది గుంటూరు జిల్లా. 2011లో పిడుగురాళ్ల ప్రాంతం నుంచి పేద ఆడవాళ్లను డబ్బులిచ్చి హైదరాబాద్ తీసుకెళ్లి మందుల పరీక్షలకు వాడుకున్నారన్న వార్త మా వాళ్లెవరూ మర్చిపోలేదు. అంతకు ముందు, 2009లో, ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని తెలిసింది. 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు. టీకా వేసుకున్న అమ్మాయిల్లో కొందరు చనిపోయారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణ కమిటీ తేల్చలేదు, కానీ అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. మీ మేనత్తగారు ఏడుస్తున్నారంటే ఇలాంటివి విని ఉంటారు. ఆవిడను తీసిపారేయకండి.

అయితే ఆ గొడవల తర్వాతే నిబంధనలు గట్టిపడ్డాయి. 2019లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం మీకు అర్థమయ్యే భాషలో వివరించాలి, ఎప్పుడైనా బయటికి వచ్చేయవచ్చు, ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చెయ్యాలి, పరిహారం ఇవ్వాలి. మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్ మొదటి రోగిని చేర్చుకోక ముందే సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. ఆ నంబరు అడగండి. ఆ వెబ్‌సైట్ ఎవరైనా డబ్బు కట్టకుండా చూడవచ్చు. ఏ మందును దేనితో పోలుస్తున్నారు, ఏయే ఊళ్లలో జరుగుతోంది, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా లేదా అన్నీ అందులో ఉంటాయి. నంబరు అడిగితే విసుక్కునే చోట సంతకం పెట్టకండి.

అన్నయ్య ఆ కాగితాలను షాపులో కటింగ్ టేబుల్ మీద పరుచుకుని, అర్థం కాని చోటల్లా గుడ్డ మీద గీసే సుద్దతో గీత పెట్టాడు. రెండు సాయంత్రాలు పట్టింది. మేము ఎక్కువగా భయపడింది "సగం మందికి మందు లేని ఉత్త మాత్ర ఇస్తారట" అన్న మాటకు. డాక్టర్ గారిని అడిగితే వివరించారు. నయమయ్యే అవకాశం ఉన్న క్యాన్సర్‌లో, పనిచేసే వైద్యం ఉండగా అది ఆపేసి ఉత్త మాత్ర ఇవ్వరు. ఒక గుంపుకు ఇప్పుడు అందరికీ ఇచ్చే వైద్యమే ఇస్తారు, రెండో గుంపుకు దాని మీద కొత్తది కలుపుతారు, లేదా పాతదాంట్లో ఏదో తగ్గించి చూస్తారు. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో డాక్టరు ఎంచుకోరు, చీటీ తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది. కొన్ని ట్రయల్స్‌లో రెండు గుంపులు ఉండవు, అందరికీ కొత్త మందే. మీ నాన్నగారిది వీటిలో ఏది అన్నది మొదట తెలుసుకోండి.

నా మటుకు నేను ఏ ట్రయల్ గురించైనా ముందు అడిగేది ఒక్కటే: "చేరకపోతే ఆయనకు మీరు ఏ వైద్యం చేస్తారు?" ఆ వైద్యం పేరు, ఎన్ని వారాలు, దాని ఫలితం ఎలా ఉంటుందో చెప్పించుకోండి. అప్పుడు చేరితే వచ్చే తేడా కళ్లకు కనిపిస్తుంది. ఇక ఖర్చు సంగతి. ట్రయల్ మందు, దాని కోసమే చేసే స్కాన్‌లు ఎవరు భరిస్తారో, ఆరోగ్యశ్రీ కింద జరిగే మిగతా వైద్యానికి అడ్డం వస్తుందో రాదో కాగితం మీద చూపించమనండి.

ఇప్పుడు ఎంఎంఆర్ గురించి. కణం రెండుగా చీలేటప్పుడు డీఎన్‌ఏ అంతా కాపీ అవుతుంది, కాపీలో తప్పులు పడుతుంటాయి. వాటిని పట్టుకుని సరిచేసే యంత్రాంగం ఒకటి ఉంది, దాన్నే ఎంఎంఆర్ అంటారు, అందులో ముఖ్యమైన ప్రోటీన్లు నాలుగు. అన్నయ్యకు నేను ఇలా చెప్పాను: కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టే మనిషి షాపులో ఉన్నాడా లేడా అని చూడటమే ఈ పరీక్ష. గడ్డ ముక్కకు రంగు వేసి ఆ నాలుగు ప్రోటీన్లూ ఉన్నాయో లేదో చూస్తారు. ఏదైనా లేకపోతే ఆ గడ్డలో తప్పులు వేలకు వేలు పేరుకుంటాయి. అది మనకు కలిసొచ్చే సంగతి కూడా, ఎందుకంటే అన్ని తప్పులున్న కణాన్ని మన రోగనిరోధక శక్తి పరాయిదని గుర్తుపట్టగలదు. కాకపోతే గడ్డ దానికి బ్రేక్ వేసి ఉంచుతుంది. ఆ బ్రేక్ తీసే మందులే ఇమ్యునోథెరపీ.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో ఈ లోపం ఉన్న రెక్టల్ క్యాన్సర్ రోగులకు డోస్టార్లిమాబ్ అనే మందు మూడు వారాలకు ఒకసారి చొప్పున ఆరు నెలలు ఇచ్చారు. 2022లో 12 మంది ఫలితాలు వచ్చాయి. 12 మందికీ గడ్డ కనపడకుండా పోయింది. ఆపరేషన్ లేదు, రేడియేషన్ లేదు. 2025 నాటికి ఆ వైద్యం పూర్తి చేసిన రెక్టల్ రోగులు 49 మంది, 49 మందిలోనూ అదే ఫలితం. నేను చదివిన వాటిలో ఇంతగా ఆశ్చర్యపరిచింది ఇంకోటి లేదు. కానీ రెక్టల్ క్యాన్సర్లలో ఈ లోపం ఉండేది 5 నుంచి 10 శాతం మందికే. మిగతావారిలో ఈ మందు ఒక్కటే ఇస్తే ఇలా పనిచేయదు. మా అన్నయ్యకు నాలుగు ప్రోటీన్లూ ఉన్నాయని రిపోర్టు వచ్చింది. మాకు చెప్పిన ట్రయల్ ఈ లోపం ఉన్నవాళ్లకే, అందువల్ల దానికి అతను అర్హుడు కాలేదు. ఒప్పుకోవాలని నిశ్చయించుకున్నాక "మీకు కుదరదు" అన్నారు. ఆ రోజు మా వదిన మళ్లీ ఏడ్చింది, ఈసారి చేర్చుకోలేదని.

ఈ పరీక్ష వెనక ఉన్న కథ మీకు చెప్పాలి. 1895లో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే పాథాలజిస్టుకు బట్టలు కుట్టే ఆవిడ ఒకరు ఉండేవారు. తమ ఇంట్లో వాళ్లంతా పేగు క్యాన్సర్‌తోనో గర్భసంచి క్యాన్సర్‌తోనో పోతున్నారని, తనూ అలాగే పోతానని ఆవిడ ఆయనతో చెప్పుకుని బాధపడింది. చివరికి ఆవిడ గర్భసంచి క్యాన్సర్‌తోనే చనిపోయింది. వార్తిన్ ఆ మాటను కొట్టిపారేయకుండా వాళ్ల వంశవృక్షం గీసి 1913లో ప్రచురించాడు. 1960లలో హెన్రీ లించ్ అనే డాక్టరు అలాంటి కుటుంబాలను మళ్లీ వెతికాడు. అందుకే వంశంలో వచ్చే ఈ లోపాన్ని ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అంటున్నారు. ఆ కుటుంబంలో చెడిపోయిన జన్యువు ఎంఎస్‌హెచ్2 అని తర్వాత తేలింది, ఎంఎంఆర్ రిపోర్టులో కనిపించే నాలుగు పేర్లలో అది ఒకటి. ఇది చెబితే అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. "ఆవిడా కుట్టుపనే చేసేదా" అని మాత్రం అడిగాడు.

నాన్నగారి రిపోర్టులో లోపం లేదని వస్తే బెంగ పెట్టుకోకండి. రెక్టల్ క్యాన్సర్ వైద్యంలో ఇటీవల చాలా మార్పులొచ్చాయి. ఆపరేషన్‌కు ముందే రేడియేషన్, కీమో రెండూ పూర్తి చేసే పద్ధతి ఇప్పుడు చాలాచోట్ల ఉంది. అలా చేశాక కొందరిలో గడ్డ పూర్తిగా కరిగిపోతుంది. అలాంటివాళ్లకు వెంటనే కోయకుండా కనిపెట్టుకుని ఉండవచ్చని బ్రెజిల్‌లోని సావో పాలోలో ఏంజెలిటా హాబర్ గామా అనే మహిళా సర్జన్ చూపించారు. మొదట్లో ఆవిడ మాట చాలామంది సర్జన్లు నమ్మలేదు. తర్వాత అమెరికాలో జరిగిన ఓప్రా ట్రయల్‌లో దాదాపు సగం మందికి రెక్టమ్ తీసేయకుండానే గడిచింది. స్టోమా బ్యాగ్ (పొట్ట మీద చేసిన రంధ్రం నుంచి మలం పట్టే సంచి) తప్పుతుందా అన్నది నాన్నగారి మనసులో ఉండే మొదటి ప్రశ్న అయి ఉంటుంది, ఆయన పైకి అడగకపోయినా. ఎంఆర్‌ఐ చూసి ఆ విషయం నేరుగా చెప్పమని సర్జన్‌ను మీరే అడగండి. ఈ కనిపెట్టుకుని ఉండటానికి కొన్ని నెలలకోసారి స్కోపీ, ఎంఆర్‌ఐ తప్పవు. అన్నిసార్లు వెళ్లగలిగితేనే ఒప్పుకోవాలి.

మా అన్నయ్య విషయానికొస్తే, ట్రయల్‌లో చేరకపోయినా అతనికి చేసిన వైద్యమంతా ఎవరో చేరిన ట్రయల్స్ పెట్టిన భిక్షే. ఆపరేషన్ తర్వాత టీ3 ఎన్1 అని వచ్చింది, అంటే గడ్డ పేగు గోడ కండరం దాటింది, దగ్గరి లింఫ్ గ్రంథులు కొన్నింటికి పాకింది. కీమో ఆరు నెలలు అనుకుని కూర్చున్నాం. ఆక్సాలిప్లాటిన్ అనే మందు వేళ్ల చివర్లలో నరాలను దెబ్బతీస్తుంది. టైలర్‌కు వేళ్లు పోతే ఇంకేం మిగులుతుంది? మెడికల్ ఆంకాలజిస్టు గారు "మీకు మూడు నెలలు చాలు" అన్నప్పుడు, డబ్బు లేదని తగ్గిస్తున్నారేమోనని అనుమానపడ్డాను. అడిగాను కూడా. ఆయన ఐడియా అనే అధ్యయనం చూపించారు. ఆరు ట్రయల్స్ కలిపి 12,834 మంది రోగులు, 2018లో ఫలితాలు. మొత్తం మీద చూస్తే మూడు నెలలు ఆరు నెలలతో సమానమని తేల్చి చెప్పలేకపోయారు. కానీ అన్నయ్యలాంటి తక్కువ ప్రమాదం ఉన్నవాళ్లలో మూడేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నది మూడు నెలలు తీసుకున్నవాళ్లలో 83.1 శాతం, ఆరు నెలలు తీసుకున్నవాళ్లలో 83.3 శాతం. చెప్పుకోదగ్గ నరాల ఇబ్బంది మాత్రం, అన్నయ్యకు ఇచ్చిన కేపాక్స్ పద్ధతిలో (ఆక్సాలిప్లాటిన్‌తో పాటు కేపసిటాబిన్ మాత్రలు), ఆరు నెలలవాళ్లలో 45 శాతం దగ్గర ఉంటే మూడు నెలలవాళ్లలో 15 శాతం లోపు. గడ్డ బాగా పాకిన వాళ్లకు ఇప్పటికీ చాలాచోట్ల ఆరు నెలలు ఇస్తున్నారు, కాబట్టి ఇది అందరికీ పనికొచ్చే లెక్క కాదు.

నాలుగు సైకిళ్లు (కీమో విడతలు) అయ్యేసరికి కుళాయి నీళ్లు ముట్టుకుంటే చేతులు జివ్వుమనేవి. స్టీలు గ్లాసు పట్టుకోలేకపోయేవాడు. కీమోలో కలిపి ఇచ్చే కేపసిటాబిన్ మాత్రలకు అరచేతులు ఎర్రబడి పొరలు ఊడతాయి. దానికి ఆంకాలజిస్టు గారు మోకాళ్ల నొప్పులకు రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ రాశారు. మందుల షాపతను రెండుసార్లు చీటీ చూసి, "ఇది క్యాన్సర్‌కా" అన్నాడు. ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మంది మీద చేసిన పరిశోధన అది, 2024లో ప్రచురితమైంది. జెల్ రాసుకున్నవాళ్లలో చెప్పుకోదగ్గ బాధ 3.8 శాతం మందికే వచ్చింది, ఉత్త జెల్ రాసుకున్నవాళ్లలో 15 శాతం మందికి. మన దేశంలో, మన రోగుల మీద, మనం కొనగలిగే మందుతో చేసిన పని! ట్రయల్ అంటే విదేశీ కంపెనీ కొత్త మందు అనే అనుకుంటాం కానీ, ఇలాంటివీ ట్రయల్సే. అన్నయ్య ఇప్పుడు మళ్లీ షాపులో కూర్చుంటున్నాడు. కుడిచేతి చూపుడు వేలు చివర కొంచెం మొద్దుబారినట్టు ఉంటుంది. సూదిలో దారం మాత్రం వదిన ఎక్కిస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు వస్తే మిగతావాళ్లు 40 ఏళ్లకు, లేదా ఇంట్లో మొదటిసారి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందే, ఈ రెండింటిలో ఏది ముందొస్తే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలని డాక్టర్లు చెబుతారు. నాన్నగారికి 57కి వచ్చింది కాబట్టి మీకూ చెల్లెలికీ ఆ వయసు 40 అవుతుంది. అయితే ఎంఎంఆర్ లోపం ఉండి, జన్యు పరీక్షలో లించ్ సిండ్రోమ్ అని తేలితే లెక్క మారిపోతుంది. ఆ జన్యువు మీకూ వచ్చి ఉంటే 20 నుంచి 25 ఏళ్ల మధ్యనే మొదలుపెట్టి ఏడాదికో రెండేళ్లకో చూపించుకోవాలి, ఆడవాళ్లు గర్భసంచి విషయంలోనూ జాగ్రత్తపడాలి. అందుకే ఆ రిపోర్టు ముందు తెప్పించమన్నాను.

అన్నయ్య వయసులోంచి పది తీసేస్తే 36. నాకు అప్పటికే 41. చేయించుకోవడానికి మూడు నెలలు నానబెట్టాను, సిగ్గుతోనే. ముందు రోజు పెగ్లెక్ పొడి రెండు లీటర్ల నీళ్లలో కలిపి తాగడమే అసలు కష్టం, పరీక్ష మత్తులో అయిపోయింది. ఒక పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న బుడిపె) దొరికింది, అక్కడికక్కడే తీగతో కత్తిరించి తీసేశారు. అడినోమా అన్నారు. అలాంటివే కొన్ని ఏళ్ల మీద క్యాన్సర్‌గా మారతాయి. ఇంట్లోవాళ్లను ఒప్పించడానికి మీకు ఈ మాట పనికొస్తుందేమోనని రాస్తున్నాను: క్యాన్సర్ ఉందో లేదో చూడటం ఒక్కటే కాదు, రాకముందే తీసెయ్యడం కూడా అందులోనే జరుగుతుంది.

కొలనోస్కోపీ వల్ల ఉపయోగం లేదని తేలిందట కదా అని నాకు ఒకరు వార్త పంపారు. 2022లో వచ్చిన నార్డిక్ ట్రయల్ గురించి అది. పోలండ్, నార్వే, స్వీడన్‌లలో దాదాపు 85 వేల మందిని చీటీ వేసి, కొందరికి పరీక్షకు రమ్మని కబురు పంపారు, మిగతావాళ్లకు పంపలేదు. పదేళ్లకు కబురు అందినవాళ్లలో క్యాన్సర్ 18 శాతం తగ్గింది, మరణాల్లో స్పష్టమైన తేడా కనపడలేదు. కానీ కబురు అందినవాళ్లలో నిజంగా వెళ్లి చేయించుకున్నది 42 శాతమే. వెళ్లనివాళ్లను కూడా కలిపి తీసిన లెక్క అది. స్పెయిన్‌లో ఇంకో పెద్ద ట్రయల్ చేశారు, ఫలితాలు 2025లో వచ్చాయి. రెండేళ్లకోసారి మలంలో కంటికి కనపడని రక్తాన్ని చూసే ఫిట్ పరీక్షకు పిలిచినా, ఒకసారి కొలనోస్కోపీకి పిలిచినా పదేళ్లకు మరణాలు దాదాపు సమానంగానే ఉన్నాయి. ఇంట్లో ఎవరికీ జబ్బు లేని, ఏ లక్షణాలూ లేని వాళ్లకు ఫిట్ మంచి దారి. మన ప్రభుత్వ స్క్రీనింగ్‌లో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లే ఉన్నాయి, పెద్దపేగు లేదు. కాబట్టి ఎవరూ ఇంటికొచ్చి పిలవరు, మనమే వెళ్లాలి. రక్తం పడుతున్నవాళ్లు, మనలాంటి ఇళ్లవాళ్లు మాత్రం ఫిట్‌తో సరిపెట్టుకోకూడదు.

వైద్యం పూర్తయ్యాక నడక గురించి అడగండి. కెనడా, ఆస్ట్రేలియాలలో ఎక్కువగా జరిగిన చాలెంజ్ ట్రయల్‌లో కీమో పూర్తయిన 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మూడేళ్లపాటు దగ్గరుండి వ్యాయామం చేయించారు. ఎనిమిదేళ్లకు బతికి ఉన్నవాళ్లు ఆ గుంపులో 90.3 శాతం, పుస్తకం ఇచ్చి పంపిన గుంపులో 83.2 శాతం. అన్నయ్య షాపు మూశాక రోజూ కాలువ గట్టు వెంట నడుస్తున్నాడు, వదిన కూడా వెళ్తుంది. ఆస్పిరిన్ గురించి కూడా మీరు వింటారు. కొన్ని జన్యు మార్పులు ఉన్న గడ్డల్లో మూడేళ్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తే జబ్బు తిరగబెట్టడం సుమారు సగానికి తగ్గిందని 2025లో స్వీడన్ తదితర దేశాల నుంచి వచ్చింది. ఆ మార్పు ఉందో లేదో పరీక్ష చెయ్యకుండా, డాక్టర్ గారు చెప్పకుండా మొదలుపెట్టకండి, కడుపులో రక్తస్రావం కావచ్చు.

సంతకం పెట్టే రోజు మీ మేనత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి. మాకు కాగితాలిచ్చిన రోజున ఎవరికీ తోచని ప్రశ్న అడిగింది మా వదినే: "మధ్యలో మానేస్తే మీరే చూస్తారా, వేరే చోటికి పొమ్మంటారా?" డాక్టర్ గారు "మేమే చూస్తాం, వైద్యంలో తేడా ఉండదు" అని, ఆ వాక్యం ఎక్కడ రాసి ఉందో పేజీ తిప్పి చూపించారు. అన్నయ్య అక్కడ సుద్దతో గీత పెట్టుకున్నాడు.